జగ్గయ్యపేట దీపాలకు కట్టిన పాట

పెళ్ళి బ్యాండును ఎవరూ వినరు. ఊరేగింపు ముందు నడుస్తూ మేం గొంతు నరాలు తెగేలా ఊదుతుంటే, జనం పెళ్ళికూతురి నగలు చూసుకుంటూ ఉంటారు. నందిగామలో మాది అలాంటి బ్యాండు. నాన్నది పెద్ద డ్రమ్ము, నాది క్లారినెట్టు. వాయించేవన్నీ సినిమా పాటలే. పాతికేళ్ళు నిండని నాకు అది పెద్ద అవమానంగా ఉండేది. ముక్కుమీద కోపం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అరవైల మొదట్లో, కరెంటు ముచ్చట మా వైపు ఇంకా తీరని రోజుల్లో, జగ్గయ్యపేట వాళ్ళు దసరాకి దీపాల వేడుక తలపెట్టారు. మూడు బజార్లు కలిసి చేసే పని అది. కంసాలి బజారుకి పసుపు దీపాలు, గానుగల బజారుకి ఎరుపు, బడి బజారుకి ఆకుపచ్చ. ఎవరి బల్బులకు వాళ్ళే రంగులద్దుకున్నారు. ఎవరి స్విచ్చి దగ్గర వాళ్ళ మనిషే కూర్చుంటాడు. పాటను బట్టి దీపాలు వెలిగి ఆరాలి. పాట మా బ్యాండుకి అప్పజెప్పారు.

"నాలుగు సినిమా పాటలు వాయించండి, సరిపోద్ది" అన్నారు అక్కడి పెద్దమనుషులు.

కొత్త పాట కడతానని నేను పట్టుబట్టాను. నాన్న మండిపడ్డాడు.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మనది మోతరా అబ్బాయ్, పాట కాదు. తెలియని పాట ఎత్తుకుంటే జనం లేచిపోతారు. పేరు పోద్ది, పెళ్ళిళ్ళూ పోతయ్."

"కుదరకపోతే జన్మలో మళ్ళీ సొంత పాట ఎత్తను" అన్నాను.

"సరే, ఆ మాట మీద ఉండు" అన్నాడు.

మొదటి రిహార్సలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాట ఇంకా కట్టలేదు, దీపాల వరస కోసం కరెంటు మేస్త్రీ కాగితం మీద అంకెలు రాసిచ్చాడు. ఎనిమిది లెక్కపెట్టి పసుపు, పన్నెండు లెక్కపెట్టి ఎరుపు. కంసాలి గబగబా లెక్కపెట్టేశాడు. గానుగాయన నాలుగు దగ్గరే ఆగి చుట్ట వెలిగించుకున్నాడు. బడిపంతులు తన స్విచ్చి వదిలేసి మిగతా ఇద్దరి లెక్కా దిద్దుతున్నాడు. పసుపు వెలగాల్సిన చోట ఎరుపు వెలిగింది, ఎరుపు వెలగాల్సిన చోట చీకటి. మేస్త్రీ అందరినీ తిట్టాడు, నేను మేస్త్రీని తిట్టాను.

ఆ తర్వాత రెండు రోజులు క్లారినెట్టు పట్టుకుని ఆ బజార్ల వెంటే తిరిగాను. కంసాలి చిన్న సుత్తితో మూడు దెబ్బలు వేసి, నాలుగోది కింది ఇనప దిమ్మ, దాగలి మీద ఊరికే తాకిస్తాడు. గానుగ ఎద్దు ఒకే నడకన తిరుగుతుంటే రోకలి సాగదీసి మూలుగుతుంది. బడిలో పిల్లలు ఎక్కాలు చదివే రాగం ఎక్కడైనా ఒకటే. ఆ మూడింటి నుంచే నా పాట కట్టాను. స్విచ్చిల దగ్గర వాళ్ళతో, "మీ బజారు వినబడితే దీపం వెయ్యండి, ఆగితే ఆర్పండి. ఆ కాగితం అవతల పారెయ్యండి" అని చెప్పాను.

గానుగాయన తన వంతు విని పకపకా నవ్వాడు. "ఇది మా గానుగే గదయ్యా! అయినా మా రోకలి మరీ ఇంత కీచుమంటదా?"

దసరా రోజు దీపాలు పెట్టే వేళకి సెంటరంతా జనం. నాన్న డ్రమ్ము మూడు దెబ్బలతో కంసాలి సుత్తి మొదలైంది, పసుపు వెలిగింది. గానుగ మూలిగింది, ఎరుపు. ఎక్కాలు అందుకోగానే ఆకుపచ్చ. పాట చివర మూడూ కలిసే చోటికి వెళ్ళబోతున్నాం. అంతలో వెనక నుంచి ఎవరో కేకేశారు, "వన్స్‌మోర్!"

మా వైపు నాటకాల్లో అది అలవాటు. పద్యం బాగుంటే, చచ్చిపడిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడాల్సిందే. కానీ ఇది నాటకం కాదు. నేను ముందుకే పోబోయాను. ఇంతలో నా వెనక పెద్ద డ్రమ్ము మొదటి మూడు దెబ్బల దగ్గరికి తిరిగిపోయింది. నాన్న వైపు కళ్ళెర్రజేసి చూశాను. ఆయన నా వైపు చూస్తే కదా! చేసేది లేక నేనూ సుత్తి వరస అందుకున్నాను.

"ఆపండి, వరస తప్పింది!" అని మేస్త్రీ తల పట్టుకున్నాడు. స్విచ్చిల దగ్గర ముగ్గురూ ఆయన మాట వినిపించుకోలేదు. సుత్తికి పసుపు వెలిగింది, గానుగకి ఎరుపు, ఎక్కాలకి ఆకుపచ్చ. ఒక్కటీ తప్పలేదు. ఇక గానుగల బజారు వాళ్ళు ఊరుకుంటారా? తమ వంతుకీ వన్స్‌మోర్ అడిగారు. బడి బజారూ అడిగింది. మూడు రంగులూ కలిసి వెలిగినప్పుడు చూస్తే ఒక్కడు కూడా కదల్లేదు. అంతా మా వైపే చూస్తున్నారు. నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం దేనికి? ఆ పాట నాది.

అయినా కోపం చల్లారలేదు. డ్రమ్ముకి గుడ్డ చుడుతున్న నాన్న దగ్గరికి వెళ్ళి నిలదీశాను.

"చెప్పకుండా వెనక్కి ఎందుకు తిప్పావు? దీపాలు తప్పి ఉంటే నా గతేంటి?"

"అడిగారు గదరా" అన్నాడు, ముడి వేసుకుంటూ. ముడి బిగించి మళ్ళీ ఆయనే అన్నాడు. "ముప్పై ఏళ్ళ నుంచి మోస్తన్నా దీన్ని. ఇంకోసారి వాయించమని ఎవడూ అడగలా. ఇయ్యాల అడిగితే ఇవ్వకపోతే ఎట్టా?"

బస్టాండు దాకా డ్రమ్ము నేను మోస్తానన్నాను. ఇవ్వలేదు. భుజాన వేసుకుని బజారు మధ్యలో నా ముందు నడిచాడు.