చీకటిగదిలో పలికిన గొంతు

మా మేడమ్ పోయారని ఫరీదాబాద్ మెట్రోలో తెలిసింది. ల్యాబ్ గ్రూపులో ఎవరో ఒక్క వాక్యం పెట్టారు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి "బైఠ్ జాయియే, దీదీ" అంటూ లేచి చోటిచ్చింది. నా మొహం ఎలా ఉందో అప్పుడు తెలిసింది.

రాజమండ్రిలో పుట్టి, ఢిల్లీ శివార్లలో డీజిల్ ఇంజన్ల పరిశోధనకే జీవితమంతా ఇచ్చిన మనిషి ఆమె. వరంగల్ నుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆమే. మామూలు ఇంజన్‌లో మంట ఎవరికీ కనిపించదు. మా ప్రయోగపు ఇంజన్‌కు పిస్టన్‌లో దళసరి గాజు కిటికీ ఉంటుంది, దాని కింద ఏటవాలుగా ఒక అద్దం. చిమ్మిన డీజిల్ గాలితో ఎలా కలుస్తోందో, ఎక్కడ అంటుకుంటోందో, ఎక్కడ గాలి చాలక మసిగా మారుతోందో ఆ అద్దంలోంచి కెమెరా పట్టుకుంటుంది. అందుకోసం పట్టపగలే నల్ల తెరలు దించి గదిని చీకటి చేసేవాళ్లం.

"మంటని తిట్టి లాభం లేదమ్మా. గాలీ చమురూ సరిగ్గా కలవకపోతే అదేం చేస్తుంది?" అనేవారు. చలికాలం ఊరంతా పొగ కమ్మినప్పుడు ల్యాబ్ గది కిటికీ గట్టు మీద వేలితో రాసి, అంటిన నలుపును చాలాసేపు చూస్తూ నిలబడేవారు.

దీపాలు ఆర్పాక ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం ఆమె అలవాటు. అందరూ తమ చోట్ల ఉన్నామని పలికాకే ఇంజన్ తిప్పేవారు.

ఒకరోజు మా టెక్నీషియన్ రాలేదు. ఊరినుంచి వచ్చిన వాళ్ల నాన్న అశోకా రోడ్డులోని గెస్ట్‌హౌస్‌లో దిగితే చూడబోయాడు. అలవాటు కొద్దీ మేడమ్ అతని పేరూ పిలిచారు.

"హాఁ జీ, మేడమ్."

జవాబు ఇంజన్ పక్కనుంచి వచ్చింది. అది అతని గొంతే.

ఎవరం కదల్లేదు. మేడమే తడుముకుంటూ వెళ్లి దీపం వేశారు. ఇంజన్ దగ్గర ఎవరూ లేరు. తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. ఫోన్ చేస్తే, నాన్నతో కలిసి భోంచేస్తున్నానని అతను చెప్పాడు. వెనకాల పళ్లేల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మేడమ్ ఫోన్ పెట్టేసి, మొత్తం మళ్లీ చూడందే ఇంజన్ తిప్పేది లేదన్నారు. టార్చి పట్టుకుని వంగి, చాలాసేపటికి నన్ను పిలిచారు. గాజు కిటికీ అంచున వెంట్రుకంత పగులు. పొద్దున్న చూసినప్పుడు అది లేదు. డీజిల్ చిమ్మి మండించి ఉంటే ఆ ఒత్తిడికి గాజు ముక్కలై ఎగిరేది. దానికి అందరికన్నా దగ్గరగా, కెమెరా వెనక ఉండాల్సింది నేను.

తర్వాత ల్యాబ్‌లో రకరకాలుగా అనుకున్నారు. గొట్టంలో గాలి అన్నారొకరు, ఎవరో ఆట పట్టించారన్నారు మరొకరు. మేడమ్ మాత్రం తనిఖీలో పగులు కనబడిందని రాసి ఊరుకున్నారు. కొన్నాళ్లకు ఆమె కారులో వెళ్తూ ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"నాకూ వినపడిందమ్మా," అన్నారు. "ఎవరిదో తెలీదు. తెలీనిదాన్ని తెలిసినట్టు ఎలా రాస్తాం?"

"భయం కాలేదా, మేడమ్?"

"భయమేసింది. అందుకేగా దీపం వేసింది."

ఆ టెక్నీషియన్ ఉద్యోగం మారి వెళ్లిపోయాక కూడా మేడమ్ ఆ పేరు పిలవడం మానలేదు. పిలిచి, చీకట్లో కాసేపు ఆగేవారు. మేమూ ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. మళ్లీ ఎన్నడూ ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం అయ్యాకే ఇంజన్ తిరిగేది. నేను ఇవాళ రెండు కళ్లతో ఈ మాటలు రాస్తున్నానంటే ఆమె ఆగడం తెలిసిన మనిషి కాబట్టే.

దహనం అయ్యాక మేడమ్ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురికి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. పక్కన కూర్చుని, "ఆంటీ, మమ్మీ అంధేరే మే క్యా దేఖ్‌తీ థీ?" అంటూ, అమ్మ చీకట్లో ఏం చూసేదని అడిగింది. మాటల్లో చెప్పలేక ఫోన్‌లో పాత వీడియో ఒకటి పెట్టి ఆమె చేతికిచ్చాను. ముందు నలుపు. తర్వాత సన్నటి చారలుగా డీజిల్. అంచుల్లో నీలం, ఉన్నట్టుండి పసుపుపచ్చగా విచ్చుకున్న మంట.

నేను లెక్కలేనన్నిసార్లు చూసిన వీడియో అది. ఆ అమ్మాయి చటుక్కున వేలితో ఆపింది. మంట వెలుగుకు కెమెరా ముందున్న అడ్డుగాజు అద్దంలా మారి, ఒక మూల మేడమ్ మొహం తేలి ఉంది. ఆమె చూపు మంట మీద లేదు. తిన్నగా మా వైపే ఉంది.

"మమ్మీ," అంది కూతురు, మెల్లగా. వేలు తీయలేదు. ఆమె అరచేతిలో ఆ మొహం అలాగే వెలుగుతూ ఉంది.