డాక్టరుగారు అడిగింది కర్టెన్లు మాత్రమే

మా పక్కింటి డాక్టరుగారు పోయిన నెల కన్నుమూశారు. ఆస్పత్రిలో ఆయన కూతురికి తోడుగా కూర్చుని, అక్కడి కాగితాల పని పూర్తయ్యాక నేను మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో మా ఇంటికి చేరి ఫోన్ తీసేసరికే తెలుగు సంఘం ఈమెయిల్ వచ్చేసింది. 'మన లండన్ డాక్టరుగారు ఇక లేరు' అని. కింద ఒక బొమ్మ. నది, వంతెన, వెనకాల పెద్ద గడియారం.

ఆయన లండన్‌లో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. విమానం దిగి రైలు ఎక్కడానికి ఎంతసేపు కావాలో అంతసేపే ఆ ఊళ్లో ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఆయన బతికింది వేల్స్‌లో, ఒక బొగ్గుగని ఊళ్లో. ఆ సంగతి ఈ సంఘంవాళ్ళకి ఆయన ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలుసు. వాళ్ళకి ఎక్కలేదు. ఎక్కదు కూడా. మనవాళ్ళకి బ్రిటన్ అంటే ఒక రాణి, ఒక గడియారం, ఒక టీ కప్పు. రెండు వందల ఏళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్నవాడి ఇంటి గేటు ముందు నవ్వుతూ ఫోటో దిగి నలుగురికీ పంచుకునేవాళ్ళం మనం. ఆ దేశంలోనూ అణగదొక్కబడినవాళ్ళు ఉన్నారనీ, ఈయన బతికింది వాళ్ళ మధ్యేననీ చెబితే మొహాలు చిన్నబోతాయి. రాణిగారి కబుర్లు చెబుతారనుకుంటే ఈయన ఊపిరితిత్తుల్లో దుమ్ము గురించి చెబుతున్నాడేమిటని.

సంతాపసభలో ఆ కబుర్లు చెప్పనివ్వలేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

ఆయన గుంటూరులో చదువుకుని డెబ్బైల మొదట్లో అక్కడికి వెళ్ళారు. తెల్ల డాక్టర్లు ఆ బొగ్గుగనుల లోయలకి రామన్నారు. వానా, బురదా, దగ్గే రోగులూ. కాబట్టి మనవాళ్ళని పంపారు. ఈ ముక్క ఏ ఎన్నారై సభలోనూ వినపడదు, గమనించండి. మన మేధస్సు చూసి పిలిచారని చెప్పుకుంటాం. ఆయన మాత్రం నవ్వేవారు. 'వాళ్ళకి అక్కర్లేని ఊరికి వాళ్ళకి అక్కర్లేని డాక్టర్ని పంపారోయ్. మా ఇద్దరికీ బాగా కుదిరింది' అనేవారు.

ఊరెలా ఉంటుందని అడిగితే, మన సింగరేణిలో ఒక కార్మికుల కాలనీని ఎత్తుకెళ్ళి రెండు కొండల మధ్య సందులో ఇరికించి, పైన ఏడాది పొడుగునా వాన పెట్టుకోమన్నారు. గోడకి గోడ ఆనుకుని వరసగా ఇళ్ళు. వీధి చివర గని చక్రం, మనుషుల్నీ బొగ్గునీ పైకీ కిందికీ లాగేది. అది తిరుగుతుంటే ఊరు బతికినట్టు. కొండమీద చర్చి, దానికంటే పెద్దది గనివాళ్ళ హాలు. ఆ హాలు ఏ దొరా కట్టించింది కాదు. వారం జీతంలోంచి తలా కొంత కోయించుకుని వాళ్ళే కట్టుకున్నారు. అందులో లైబ్రరీ. పగలంతా భూమి కింద పడుకుని బొగ్గు తవ్వినవాడు సాయంత్రం అక్కడ కూర్చుని చరిత్ర పుస్తకాలు చదివేవాడట. ఇది విని మా సంఘం అధ్యక్షుడు, ఏదో కార్ల విడిభాగాల కంపెనీలో డైరెక్టరు, 'టైం వేస్ట్ కదా అంకుల్, అదే టైంలో ఏదైనా స్కిల్ నేర్చుకోవచ్చుగా' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరుగారు మాత్రం, ఏ ఇంట్లో ఎవరు దగ్గినా మాట ఆపి చెవొగ్గి వినేవారే, సరిగ్గా అలా అతన్ని తల వంచి శ్రద్ధగా చూశారు. రోగం ఎంతవరకు ముదిరిందో అంచనా వేస్తున్నట్టు.

మొదటి రోజు మొదటి రోగి కథ ఆయన చెబుతుంటే వినాలి. ముసలి గనివాడొకడు లోపలికొచ్చి ఈయన రంగుని పైనుంచి కింది దాకా చూశాడట. 'నువ్వూ ఇప్పుడే షిఫ్టు దిగొచ్చావా డాక్టరూ?' అన్నాడట. ఈయన స్టెతస్కోపు చెవులకి తగిలించుకుంటూ, 'అవును, నాకింకా స్నానం కాలేదు, ముందు నీ చొక్కా విప్పు' అన్నారట. సాయంత్రానికి ఆ మాట లోయంతా పాకింది. మర్నాడు బయట వానలో క్యూ కట్టారు.

డాక్టరుగారికో అలవాటుండేది. పొద్దున్నే లేచి వీధి వైపు కిటికీకున్న కర్టెన్లు బార్లా తీసేవారు. రిటైరై కూతురి దగ్గరికి వచ్చాక ఈ మిషిగన్ చలికాలంలో కూడా. ఏసీ బిల్లు, హీటర్ బిల్లు, ప్రైవసీ అంటూ ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. ఒకసారి నేనూ అడిగాను.

'తీసి ఉంచితేనే కదోయ్, వేసినప్పుడు తెలిసేది' అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఆటో కంపెనీలు దివాలా తీసిన ఏడాది. మా వీధిలో ఆయనకి ఎదురింట్లో ఒక తెల్లాయన ఉంటాడు. కార్ల ఫ్యాక్టరీలో లైను మీద పాతికేళ్ళకి పైగా పనిచేసి ఆ ఏడాదే రోడ్డున పడ్డాడు. అతనూ డాక్టరుగారూ గరాజ్ తలుపెత్తుకుని మడత కుర్చీల్లో గంటలు గంటలు కూర్చునేవారు. ఆ రోజుల్లోనే ఒకరింట బేస్‌మెంట్‌లో పుట్టినరోజు పార్టీ. మన అధ్యక్షుడు బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. యూనియన్ వాళ్ళే కంపెనీల్ని ముంచేశారనీ, నట్లు బిగించేవాడికి అంత జీతాలేమిటనీ, సోమరిపోతులనీ. చుట్టూ అందరూ తలలూపారు. అందరూ వీసా మీద వచ్చినవాళ్ళే, అందరికీ లేఆఫ్ భయం ఉన్నదే. అయినా ఊపారు. తమ మెడ మీద కత్తి పెట్టినవాణ్ణి వదిలేసి, పక్కవాడి మెడ తెగితే సమర్థించడం మన చదువుకున్నవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

డాక్టరుగారు ప్లేటు కింద పెట్టారు. మా ఊళ్ళో గనివాళ్ళని కూడా ఇలాగే తిట్టారయ్యా అని మొదలుపెట్టి, నేను అంతకుముందు వినని సంగతి చెప్పారు.

ఎనభై నాలుగులో గనులు మూసేస్తామంటే బ్రిటన్ గనివాళ్ళు సమ్మెకి దిగారు. ఏడాదిపాటు జీతాల్లేవు. హాల్లో ఆడవాళ్ళు పెద్ద గిన్నెల్లో సూప్ కాచి ఊరంతటికీ పెట్టేవారు. బొగ్గు తవ్వేవాళ్ళ ఇళ్ళలోనే పొయ్యిలోకి బొగ్గు లేదు. పిల్లలతో సహా గని చెత్త గుట్టలెక్కి రాళ్ళలో బొగ్గుముక్కలు ఏరుకునేవారు. ఆ చలికాలమే డాక్టరుగారి భార్య క్యాన్సర్‌తో మంచాన పడ్డారు. రోజూ తెల్లారేసరికి ఈయన గుమ్మం ముందు ఒక సంచీ బొగ్గు ఉండేది. ఎవరు పెడుతున్నారో ఎవరూ చెప్పలేదు. జీతం వస్తున్న డాక్టరింటికి, జీతం లేనివాళ్ళు ఏరుకొచ్చిన బొగ్గు. ఆవిడ గది చల్లబడకూడదని.

ఆవిడ పోయారు. అంత్యక్రియల రోజు పొద్దున ఈయన తలుపు తీసి చూస్తే పట్టపగలు వీధి మొత్తం కర్టెన్లు వేసేసి ఉన్నాయి. కింది ఇంటి నుంచి కొండ మీది ఇంటి దాకా ఒక్క కిటికీ తెరిచి లేదు. 'గుండె జారిపోయిందయ్యా' అన్నారు ఆయన ఆ బేస్‌మెంట్‌లో, అందరూ వింటుండగా. 'మన దగ్గర శవం వెళుతుంటే తలుపులేసుకుంటాం కదా, అశుభమని. ఇన్నేళ్ళు చేసి చివరికి వీళ్ళు కూడా మా మొహం మీద తలుపులేసుకున్నారనుకున్నాను. లోపలికెళ్ళి, మా క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మ ముందు ఏడ్చాను. ఆవిడ నాకేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. డాక్టరూ, అది మా ఊళ్ళో మర్యాద, సొంతమనిషి పోతేనే వేస్తాం అంది.'

శవం ఉన్న వ్యాన్ కదిలాక మగవాళ్ళు టోపీలు తీసి వీధి పొడుగునా నిలబడ్డారట. సమ్మె ఓడిపోయింది. గని మూసేశారు. చక్రం పీకేశారు. హాలుకి తాళం పడింది. ఆ ఊరిని ఎవరు ఏమన్నా ఈయన ఊరుకోకపోవడానికి కారణం అదీ.

తరవాత అధ్యక్షుడు, 'వెరీ టచింగ్ అంకుల్' అని, కేక్ కట్ చేద్దామా అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తూ డాక్టరుగారు నాతో తనకేం కావాలో చెప్పారు. సభలొద్దు, దండలొద్దు. పోయాక ఒక్కసారి ఈ వీధి మీదుగా తీసుకెళ్ళాలి, వీధి కర్టెన్లు వేసుకోవాలి. అంతే. ఏదో సరదాకి అన్నట్టే అన్నారు గానీ ఆయన గొంతు నాకు తెలుసు. మీ మధ్య ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను, నేను మీకు సొంతమనిషినేనా అని అడుగుతున్నారు ఆయన.

సభ వద్దన్నారని చెప్పినా సంఘం దహనానికి ముందే సభ పెట్టింది. హాలు బుక్ చేసేశామండీ అన్నారు. స్లైడ్ షోలో మళ్ళీ ఆ గడియారమే. 'క్వీన్‌గారి దేశంలో మన తెలుగు కీర్తిపతాక' అన్నాడు అధ్యక్షుడు. నేను లేచి రెండు మాటలు చెబుతానంటే టైం లేదన్నారు. తరవాత ఉప్మా పెట్టారు. ఇది చదివే మీలో కొందరు అక్కడున్నారు. ఉప్మా బాగుందన్నారు.

మిగిలింది కర్టెన్లు. ఇక్కడ శవం ఇంటికి రాదు కదా, ఆస్పత్రి నుంచి ఫ్యూనరల్ హోంకి, అక్కణ్ణుంచి దహనానికి. వీధి మీదుగా తీసుకెళ్ళడానికి కూతురు వెంటనే ఒప్పుకుంది. వేల్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కొంచెం తడబడుతుంది. 'నాన్న అడిగింది ఒక్కటి, అన్నయ్యా' అంది. 'అమ్మకి చేశారు. నేను చూశాను.'

వీధిలో మన తెలుగు ఇళ్ళకి వెళ్ళాను. మొదటి ఇంట్లో, కర్టెన్ల రంగు గురించి హెచ్‌ఓఏ, అదే కాలనీ సంఘం, రూల్ ఏదో ఉందన్నారు. రెండో ఇంట్లో, మా కిటికీ బ్లైండ్స్ ఎప్పుడూ మూసే ఉంటాయి కదండీ, అది సరిపోదా అన్నారు. మూల మీద కొత్తగా కట్టుకున్న పెద్దిల్లు మన అధ్యక్షుడిదే. గుమ్మంలోనే ఆపేశాడు.

'గృహప్రవేశం అయి ఆర్నెల్లు కాలేదు. శవాన్ని ఇటు తేవడమేంటండీ? అటునుంచి అటే పోనివ్వండి.'

'మీ సభలో కీర్తిపతాక అన్నారే, ఆయనేనండీ వచ్చేది' అన్నాను.

తలుపు వేసేసుకున్నాడు. ఎదురింటి తెల్లాయన వాకిట్లో ట్రక్కు లేదు, ఇంట్లో లేడన్నమాట. ఇప్పుడేదో పెద్ద షాపులో గంటల లెక్కన పనిచేస్తున్నాడు. ఆయనకి చెప్పడం కుదరనేలేదు.

సోమవారం పొద్దున నల్ల వ్యాన్ మా వీధిలోకి తిరిగింది. వెనక కార్లో నేనూ, డాక్టరుగారి కూతురూ. ఆమె కిటికీకి మొహం ఆనించి ఒక్కొక్క ఇల్లే చూస్తోంది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూల మీది పెద్దిల్లు. అన్నీ ఎప్పట్లాగే మూసే ఉన్నాయి. దేనికి మూసి ఉన్నాయో దేవుడికి కూడా తెలియదు. నాకు ఆమె వైపు చూడబుద్ధి కాలేదు.

వ్యాన్ డాక్టరుగారి ఇంటి ముందు నెమ్మదించింది. 'అన్నయ్యా' అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుని రెండో వైపుకి చూపించింది.

ఎదురింటి తెల్లాయన కిటికీ చాలా పెద్దది. నేనెరిగి దానికి కర్టెన్ లేదు. వీధిలో వెళ్ళేవాళ్ళందరికీ ఆయన టీవీ, కుర్చీ, పెంచుకున్న పిల్లి అన్నీ కనబడేవి. ఆ పొద్దున ఆ కిటికీ నిండా ఒక దుప్పటి ఉంది. చిన్నపిల్లల దుప్పటి, వెలిసిపోయిన నీలం మీద పసుప్పచ్చ చుక్కలు. మేకుల్లేవు, కడ్డీ లేదు. పై అంచు మీద రెండు చోట్ల లావుపాటి వేళ్ళు కనబడుతున్నాయి. గరాజ్‌లో కూర్చుని డాక్టరుగారు ఆ కర్టెన్ల సంగతి ఆయనకి ఎప్పుడు చెప్పారో. వ్యాన్ వీధి చివర మలుపు తిరిగేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. దుప్పటి మధ్య మధ్య కాస్త వణుకుతోంది. ఆ చేతులు మాత్రం దిగలేదు.