పర్చూరులో రెండు విశ్వాలు

దూదేకుల గౌస్ బాషా పర్చూరులో పరుపులు కుట్టేవాడు. చీరాల వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను, గోడకు తగిలించిన దబ్బనాలు, అంతే ఆయన ఆస్తి. మిషను తిరుగుతుంటే షెడ్డంతా దూది రేగేది. మూతికి తువ్వాలు కట్టుకుని ఆ తెల్లటి రొదలో నిలబడే బాషాకు పరుపుల మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు. చేతులు పరుపు మీదా, మనసు అంతరిక్షంలోనూ ఉండేవి.

దీనికంతటికీ కారణం టీవీలో తెలుగు చేసి వేస్తున్న ఒక విదేశీ సీరియలు. పేరు ‘శూన్యయాత్ర’. అందులో హార్విన్ అనే కెప్టెను ఒక పెద్ద ఓడలో గ్రహం తర్వాత గ్రహం తిరుగుతుంటాడు. ఎక్కడ దిగినా ఏదో గొడవ. ఎంత గొడవైనా ఆయన గొంతు పెంచడు, చెయ్యెత్తడు. “మిత్రులారా, ఆవేశం వద్దు, ఆలోచిద్దాం” అంటాడు. అందరూ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఆలోచిస్తారు. ఆ వారం కథ ముగిసేసరికి గ్రహం బాగుపడుతుంది. శనివారం సాయంత్రం అది వచ్చే వేళకు బాషా స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని కూర్చునేవాడు.

“మనుషులంటే అట్టా ఉండాల. ఏదైనా కూర్చుని మాట్లాడుకోవాల,” అనేవాడు భార్య నస్రత్‌తో.

“ఇంటికి రంగు వేయించేప్పుడు నాతో కూర్చుని మాట్లాడావా?” అనేది నస్రత్, వంటింట్లోంచే.

“నువ్వు నోరు మూసుకో. సీరియలు వస్తుంది,” అనేవాడు శాంతిదూత.

నస్రత్‌కు ఆ సీరియలు మీద ఆసక్తి లేదు. టీవీ ముందర గదిలో, పొయ్యి వెనక గదిలో. ఆమె చెవిన పడేదే తప్ప కంటపడేది కాదు. ఈ సంగతి ఎవరికీ ముఖ్యం అనిపించలేదు.

బాషాకు చిన్నప్పటి స్నేహితుడు అంకయ్య. పురుగుమందుల కొట్టు ఉంది. ఆ ఏళ్ళలో పత్తికి పట్టిన పురుగు ఏ మందుకూ చావడం లేదు. కాబట్టి కొట్టు బాగా నడుస్తోంది. ఒక మందు పనిచేయకపోతే రైతు వచ్చి ఇంకోటి కొంటాడు గదా. అంకయ్యకు నచ్చిన సీరియలు వేరు. అదీ తెలుగు చేసి వేస్తున్నదే, పేరు ‘సూర్యసింహాసనం’. ఆదివారం పొద్దున వచ్చేది. అందులో జోల్డాన్ అనే చక్రవర్తి ఒక సూర్యుడి కోసం తమ్ముడితో, బావమరిదితో, మేనల్లుడితో వరసగా యుద్ధం చేస్తుంటాడు. “ఓరీ నక్షత్రద్రోహీ! నీ గ్రహాన్ని పొడి చేసి నా పాదాలకు పారాణి పెట్టుకుంటాను!” అంటాడు. మరుక్షణం గ్రహం పొడి అయిపోతుంది. అంకయ్య ఈ మాటను కొట్లో రైతులకు అభినయించి చూపించి, ఆ ఊపులోనే రెండు డబ్బాలు ఎక్కువ అంటగట్టేవాడు.

ఇద్దరూ రోజూ యలమందయ్య టీ కొట్టు దగ్గర కలిసేవాళ్ళు. వానలు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, పత్తి చేతికొస్తుందో రాదో తెలియదు. అలాంటి రోజుల్లో ఊరికి అత్యవసరంగా తేలాల్సిన విషయం ఒకటి మిగిలింది: ఏ ఓడ గొప్పది?

“మా చక్రవర్తి ఓడ పర్చూరంత ఉంటది,” అన్నాడు అంకయ్య ఒకరోజు.

“ఉంటే? రివర్సు చేసేదెక్కడరా?” అన్నాడు బాషా.

“వెనక్కి తిరిగే మగాడు కాదురా మావోడు. మీ ఓడలో ఎప్పుడు చూసినా మీటింగే. పంచాయతీ ఆఫీసు గాల్లోకి లేచినట్టుంటది.”

“మీ వాళ్ళకి ఆకాశమంతా ఉంది. అయినా గట్టు తగాదానే. ఇన్ని సూర్యుళ్ళుండగా పక్కోడి సూర్యుడే కావాల్సి వచ్చిందా?”

టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మన దగ్గర ఒక మాట ఇద్దరి మధ్య ఉన్నంతసేపే మాట. మూడోవాడు నవ్వాడంటే అది పార్టీ. నెల తిరక్కుండా ‘శూన్యయాత్ర ప్రేక్షక సంఘం’ ఏర్పడింది, అధ్యక్షుడు బాషా. ఆ వారమే ‘జోల్డాన్ యువసేన’ వెలిసింది, గౌరవాధ్యక్షుడు అంకయ్య. గుడ్డ బ్యానర్లు లేచాయి. సినిమా హీరోల అభిమానులుగా అప్పటికే అనుభవం గడించినవాళ్ళు రెండు వైపులా చేరి సలహాలిచ్చారు. చక్రవర్తి మేనల్లుడి మీద గెలిచిన ఆదివారం యువసేన వాళ్ళు టీవీకి కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు లోపలికి పోయి ఆ టీవీ మళ్ళీ పలకలేదు. అది సేనకు తొలి త్యాగంగా లెక్కలోకి వచ్చింది. హార్విన్ సంఘం వాళ్ళు మాత్రం శాంతియుతంగా యువసేన బ్యానరు చింపారు.

ఈ వేడి చూసి కేబుల్ నడిపే శ్రీకృష్ణకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఊరి వరకు చూపించుకునే సొంత ఛానెలు ఒకటుంది. పెళ్ళి వీడియోలూ, ఎరువుల ప్రకటనలూ తప్ప అందులో వేయడానికి ఏమీ ఉండేది కాదు.

“ఇద్దరినీ కూర్చోబెట్టి చర్చ పెడదామండీ. లైవ్. ఏది గొప్పదో తేలిపోద్ది,” అన్నాడు.

“చర్చ అంటే మా పద్ధతే,” అన్నాడు బాషా సంతోషంగా. ఆ రోజు నుంచి షెడ్డులో దూది ఏకుతూ, ఆ రొదలో తన ఉపన్యాసం తనకే వినపడకుండా వల్లె వేశాడు.

ఒక పాత పొగాకు గోడౌను శుభ్రం చేయించారు. న్యాయనిర్ణేతగా జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే జయకుమారిగారిని పిలిచారు. సైన్సు మీద ఊరికి ఇంత ఆసక్తి ఉందా అని ఆవిడ మురిసిపోయి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. జనం కిక్కిరిశారు.

“అసలు అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి శబ్దం వినపడదు. ఆ పేలుళ్ళూ, ఆ అరుపులూ...” అని ఆవిడ మొదలుపెట్టింది.

“శబ్దం లేకపోతే డైలాగులు ఎట్టా వస్తయ్ మేడమ్?” అన్నారు వెనకనుంచి. చప్పట్లు కొట్టారు. ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత సైన్సు ప్రస్తావన రాలేదు.

అంకయ్య ముందు మాట్లాడాడు. చక్రవర్తి డైలాగులు నాలుగు చెప్పి ఈలలు వేయించుకున్నాడు. తర్వాత బాషా లేచాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడతలతో మెరుస్తోంది.

“పెద్దలకు నమస్కారం. మా కెప్టెను గొప్పతనం ఒక్కటే. ఇన్నేళ్ళలో ఎవరి మీదా చెయ్యి చేసుకోలా. ఎంత కోపమొచ్చినా...”

“చెయ్యుంటే గదరా ఎత్తడానికి!” అన్నాడు అంకయ్య మైకులో. “పరుపుల మీద పడుకునే జాతి మీది. కెప్టెనూ అంతే, అధ్యక్షుడూ అంతే. మెత్త వెధవలు!”

గోడౌను దద్దరిల్లేలా నవ్వింది. కెప్టెన్ హార్విన్ అనుచరుడు, శాంతి ప్రబోధకుడు, ప్రేక్షక సంఘం అధ్యక్షుడు గౌస్ బాషా మైకు కింద పెట్టి, రెండడుగులు వేసి, అంకయ్య చెంప మీద ఒకటిచ్చాడు. ఏళ్ళ తరబడి దూది బాదిన చెయ్యి అది. చప్పుడు మైకులో పడి గోడౌను అవతలి రోడ్డు దాకా వినపడింది.

మరుక్షణం బాషా తన చేతిని తనే చూసుకున్నాడు. అది ఎవరిదో అన్నట్టు చూశాడు. అంకయ్య చెంప పట్టుకుని వేదిక మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తిరిగి కొట్టి ఉంటే బాషాకు హాయిగా ఉండేది.

శ్రీకృష్ణ మాత్రం ఆనందంలో ఉన్నాడు. ప్రేక్షకుల కోరిక మీద ఆ చెంపదెబ్బను వారమంతా ఛానెల్లో వేశాడు. మామూలుగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, మధ్యలో ఎరువుల ప్రకటన. రెండు సీరియళ్ళనూ కలిపినా అంతమంది చూసి ఉండరు. బాషా రోడ్డు మీద వెళ్తుంటే పిల్లలు “మిత్రులారా, ఆవేశం వద్దు!” అని అరిచి పారిపోయేవాళ్ళు.

అంకయ్య టీ కొట్టుకు రావడం మానేశాడు. మాటలు పోయాయి. ఆ వేసవిలో అంకయ్య కూతురు శ్రీరమ్య పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల ఉయ్యాల్లో బొంత దగ్గరనుంచీ ఆ ఇంట్లో ప్రతి పరుపూ బాషా కుట్టిందే. పెళ్ళి పరుపుకని మంచి బూరుగుదూది ఎప్పుడో తీసి పక్కన పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం షెడ్డు ముందునుంచి గుంటూరు ఆటోట్రాలీ ఒకటి వెళ్ళింది. దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఫోము పరుపు. ట్రాలీ అంకయ్య వీధిలోకి తిరిగింది.

బాషా మిషను ఆపేశాడు. చెంపదెబ్బకు చెంపదెబ్బ అయితే ఓర్చుకునేవాడు. ఫోము! గాలాడని, చెమటలు పట్టించే, ఏకడానికి వీల్లేని ఫోము! ఇంటికి పోయి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెళ్ళికి పిలుపు వచ్చింది. అది అంకయ్య పిలుపు కాదు. ఆయన భార్య కోటిరత్నం వచ్చి నస్రత్‌కు బొట్టు పెట్టి పిలిచింది. నస్రత్ వెళ్ళింది. బాషాకు ఆరోజు హఠాత్తుగా షెడ్డులో పని తగిలింది.

పెళ్ళి అయిపోయాక ఒక శనివారం, కెప్టెన్ హార్విన్ మామూలుగానే గ్రహాన్ని ఆలోచింపజేస్తున్నాడు. బాషా చూస్తున్నాడే గానీ మొహంలో వెలుగు లేదు. నస్రత్ లోపలనుంచి కూర గిన్నె తెచ్చి కింద పెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“ఎందుకయ్యా ఆ ఏడుపు మొహం? పోయి అంకయ్యన్నతో మాట్లాడరాదా?”

“వాడి సిద్ధాంతం వేరు, నా సిద్ధాంతం వేరు.”

“ఏం సిద్ధాంతం? మీ కెప్టెనూ, ఆయన చక్రవర్తీ మాట్లాడేది ఒక్కడేగా!”

బాషా తలెత్తాడు. “ఏంది?”

“తెలుగు చెప్పే గొంతు ఒక్కడిదేనయ్యా. పెళ్ళిలో కోటిరత్నం వదిన కూడా అదే అంది. ఆ మనిషికి ‘శ’ పలకదు. విశ్వం అనడు, విస్వం అంటాడు. శనివారం మనింట్లోనూ విస్వమే, ఆదివారం వదినోళ్ళింటికి పోతే అక్కడా విస్వమే. ఇన్నేళ్ళుగా వింటున్నా. మీకు తెలియదనుకోలా!”

“పిచ్చి మాటలు మాట్లాడబాక,” అన్నాడు బాషా. అని, కళ్ళు మూసుకున్నాడు. టీవీలో హార్విన్ అన్నాడు: “మిత్రులారా, ఈ విస్వం అందరిదీ.”

ఆ రాత్రి ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు. తెల్లారితే ఆదివారం. చక్రవర్తి మాట్లాడేది కూడా వింటే తప్ప నమ్మలేడు. కానీ ప్రేక్షక సంఘం అధ్యక్షుడి ఇంట్లోంచి జోల్డాన్ కేకలు వినపడితే వీధి ఏమనుకుంటుంది? ఆ సీరియలు పరువుగా వినగలిగిన ఇల్లు ఊళ్ళో ఒక్కటే ఉంది. బాషా చొక్కా వేసుకున్నాడు.

తలుపు కోటిరత్నం తీసింది. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు.

“రండి అన్నయ్యా. లోపలున్నారు. చక్రవర్తిగారు కూడా ఉన్నారు.”

అంకయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. బాషా వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. దారంతా వల్లె వేసుకున్న క్షమాపణ బయటికి రాలేదు. దానికి బదులు వేరే మాట బయటికొచ్చింది.

“ఒరేయ్, కళ్ళు మూసుకో.”

“ఎందుకు, మళ్ళీ కొడతావా?”

“కొట్టన్రా. మూసుకుని విను.”

అంకయ్య అనుమానంగా ఒక కన్ను మూశాడు. తర్వాత రెండోది. జోల్డాన్ బావమరిదిని చెరలో వేసి గర్జిస్తున్నాడు: “ఈ విస్వమంతా నాది!”

“విన్నావా? విస్వం. మా కెప్టెనూ అదే అంటాడు. అదే గొంతు. నస్రత్ పట్టింది.”

అంకయ్య కళ్ళు తెరవలేదు. చాలాసేపు అట్లాగే విన్నాడు. సీరియలు అయిపోయి సబ్బు ప్రకటన వచ్చినా తెరవలేదు.

“అంటే నేను ఇన్నాళ్ళూ మీ కెప్టెన్నే నెత్తిన పెట్టుకున్నానా...”

“నేనేమో మీ చక్రవర్తిని నెత్తిన పెట్టుకున్నా.”

ఇద్దరూ నేల చూశారు. లోపలనుంచి కోటిరత్నం అణుచుకున్న నవ్వు వినపడింది.

“గట్టిగా తగిలిందా?” అన్నాడు బాషా.

“తగిలినప్పుడు ఒకసారే. టీవీలో వేసినప్పుడల్లా మళ్ళీ తగిలేది.”

“నాకూ అంతేరా.”

అంకయ్య చెంప తడుముకున్నాడు. “నేను అనకూడని మాట అన్నాలే. జాతి గీతి అని.”

“అన్నావు,” అన్నాడు బాషా. ఆ మాట నొక్కి అన్నాడు. తర్వాత ఇద్దరూ టీ తాగారు.

సాయంత్రం ఈ నిజాన్ని పదిమందికీ చెబుదామని కలిసి యలమందయ్య కొట్టుకు వెళ్ళారు. అక్కడే పొరపాటు చేశారు. యువసేన వాళ్ళు అంకయ్యను ద్రోహి అన్నారు. సంఘం వాళ్ళు బాషా అమ్ముడుపోయాడన్నారు. కళ్ళు మూసుకుని వినండిరా అంటే, కళ్ళు మూసుకుంటే సీరియలు ఎట్టా చూస్తాం అన్నారు. వారంలోగా రెండు సంఘాలూ కొత్త అధ్యక్షులను ఎన్నుకున్నాయి. శ్రీకృష్ణ మళ్ళీ చర్చ ప్రకటించాడు. ఈసారి కాలేజీలో పేపర్లు దిద్దే పని ఉందని జయకుమారిగారు రాలేదు.

బాషా, అంకయ్య టీకి బస్టాండు పక్క కొట్టుకు మారారు. అక్కడ వాళ్ళ ముఖాలు ఎవరికీ పెద్దగా తెలియవు.

“ఏమైనా చెప్పు, ఆ మనిషి గొంతు కోపానికే బాగుంటదిరా. చక్రవర్తికే అతికింది,” అన్నాడు అంకయ్య.

“నీ మొహం! కోపంగా ఎవడైనా అరుస్తాడు. నెమ్మదిగా మాట్లాడటమే కష్టం. కెప్టెనుకే అసలు గొంతు,” అన్నాడు బాషా.

గొంతులు లేచాయి. బల్ల మీద గ్లాసులు కదిలాయి. ఒంగోలు బస్సు కోసం నిలబడ్డ ముసలాయన ఒకరు దగ్గరికొచ్చి, ఎలక్షన్లు మళ్ళీ వచ్చినయ్యా బాబూ అని అడిగాడు.