అన్నదమ్ములు పంచుకున్న మాత్ర

అరకు కొండల్లో నేను పంతులుగా పనిచేసిన ఊళ్ళో ఫల్గుణ అనే కాఫీ రైతు ఉండేవాడు. బక్క మనిషి. అతని రక్తంలో కొవ్వు మితిమీరి ఉందని విశాఖ డాక్టర్లు చెప్పినప్పుడు భార్య రాజులమ్మ పకపకా నవ్వింది. "మా ఇంట నూనె సుక్కే ఉండదు, ఈడికి కొవ్వేటి?" అంది. కానీ ఫల్గుణ తండ్రి కూడా చిన్న వయసులోనే గుండె ఆగి పోయాడు. అది వంశంలో ఉన్న జబ్బు.

రెండువేల ఆరులో ఆ డాక్టర్లు ఒక కొత్త మాత్రను పరీక్షిస్తూ ఫల్గుణను చేర్చుకున్నారు. కొవ్వు తగ్గించే రెండు మందులు కలిపి ఒకే మాత్రగా చేశారట. రాత్రికొకటి వేసుకోవాలి. తమ్ముడు భీముడికీ అదే జబ్బు ఉందని తేలింది. అయినా ఇంటికొకరే చాలని అతణ్ణి వద్దన్నారు.

ఆ కొండల్లో కుందేల్ని కొట్టినా అన్నదమ్ముల పొయ్యిలన్నిటికీ వాటా వెళ్ళాలి. ఒంటరిగా తిన్నవాణ్ణి ఎవరూ మనిషిగా చూడరు. అందుకే ఫల్గుణ రోజూ మాత్రను కత్తిపీట మీద రెండు ముక్కలు చేసి, ఒకటి తమ్ముడికి ఇచ్చేవాడు. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోస్తే కదా!

నెలలు గడిచినా కొవ్వు పెద్దగా తగ్గలేదు. "మాత్రలు వేసుకుంటున్నావా, పారేస్తున్నావా?" అని డాక్టరు కసిరాడు.

"ఏసుకుంతన్నాను బాబూ, ఒక్క రేతిరీ మానలేదు," అన్నాడు ఫల్గుణ. ఇతనికి ఈ మందు పట్టదని తేల్చి ఆపేశారు. ఆ శీతాకాలం కాఫీ పళ్ళు కోస్తూ తోటలోనే కూలిపోయాడు.

ఎలా పోయాడో చెప్పమని ఆస్పత్రివాళ్ళు కబురంపితే రాజులమ్మనూ భీముణ్ణీ నేనే తీసుకెళ్ళాను. మాటల్లో ఆ సగం సంగతి బయటపడింది. డాక్టరు తల పట్టుకున్నాడు. "అయ్యో, నిండు మాత్ర వేసుకునుంటే బతికేవాడేమో! ఎందుకిలా చేశారమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడికి జబ్బుందని తెలిసీ వద్దన్నది వీళ్ళు కాదూ!

"తమ్ముడు సూత్తుండగా ఒక్కడే ఎలా మింగుతాడు బాబూ?" అంది రాజులమ్మ. భీముణ్ణి ముందుకు తోసింది. "పోయినోడు పోనాడు. ఈడికైనా నిండు మాత్ర ఇయ్యండి."

డాక్టరు లోపలికెళ్ళి కొవ్వు తగ్గించే వేరే మాత్రలు తెచ్చి భీముడి చేతిలో పెట్టాడు. భీముడు వాటిని తిరిగి బల్లమీద పెట్టేశాడు.

"అన్న సగం నానే తినీసినాను వదినా. ఇప్పుడు అన్నకి వాటా లేకండా నానొక్కణ్ణే తింతానా?"

బతిమాలాం, తిట్టాం. వినలేదు. మరుసటి ఏడాది కాఫీ కోతకు రాజులమ్మ ఒక్కతే వెళ్ళింది.