రెండు లైన్ల బద్ధకం

ఆస్పత్రిలో ఆమెను అందరూ బెల్లు మేడమ్ అంటారు. మంచం పక్కన రోగి మీట నొక్కితే నర్సుల బల్ల మీది పెట్టె మోగాలి. ఆ పెట్టెలు తయారుచేసేది ఆవిడే. పదిహేనేళ్లుగా అదే పని కాబట్టి తన చేతిపని మీద తనకు కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే.

పెట్టెలో గోరంత చిప్పు ఉంటుంది. మీట నొక్కినప్పుడు మంచాల నుంచి తీగ మీద సంకేతంగా వచ్చే అక్షరాలను అందుకునే సీరియల్ పోర్టు అందులోనే. దాన్ని నడిపించేది కంట్రోల్ రిజిస్టరు, అంటే ఎనిమిది బుల్లి స్విచ్చుల వరుస అనుకోండి. ఒకటి వేస్తే పోర్టు మేలుకుంటుంది, ఇంకొకటి వేస్తే వినడం మొదలుపెడుతుంది. అయితే ఆ చిప్పుకో పెంకితనం ఉంది. వచ్చిన అక్షరాలను ప్రోగ్రాం తీసుకునేలోపే ఇంకొన్ని వచ్చి మీద పడితే, అలిగి వినడం మానేస్తుంది. వినే స్విచ్చును ఒకసారి ఆపి మళ్లీ వేస్తే తప్ప అలక తీరదు. అందుకు రెండు లైన్ల ప్రోగ్రాం చాలు. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. తర్వాత రాద్దాంలే అనుకుంది, మరిచిపోయింది. పరీక్షించినప్పుడు ఒక్కతే కాబట్టి ఒక్కొక్క మీటే నొక్కింది. అన్నీ భేషుగ్గా మోగాయి.

మూడో అంతస్తులో ఒక పెద్దాయన ఎంత నొక్కినా ఎవరూ రాకపోయేసరికి, తనే లేవబోయి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బెల్లు మోగలేదంది డ్యూటీ నర్సు. మేడమ్‌ను పిలిపించారు. ఆమె పెట్టెకు కరెంటు తీసి, మూత విప్పి చూసి, మళ్లీ ఆన్ చేసి నొక్కితే ప్రతి బెల్లూ గణగణా మోగింది.

"ఒట్టు మేడమ్, ఆరోజు మోగలేదండి," అంది నర్సు.

"మిషన్‌కి అబద్ధాలు చెప్పడం రాదమ్మా," అని నలుగురిలో అనేసి, పరికరంలో లోపం లేదని సంతకం పెట్టి వచ్చేసింది మేడమ్. నర్సును వార్డు నుంచి తీసేసి దుప్పట్ల గదిలో వేశారు. విచారణలో తప్పు తేలితే ఉద్యోగమే పోతుంది.

మూడు వారాల తర్వాత కొత్త పెట్టెను పరీక్షిస్తూ, బల్ల మీంచి జారిపోతున్న మీటలను రెండు చేతులతో పట్టుకోబోతే నాలుగూ ఒకేసారి నొక్కుకుపోయాయి. పెట్టె ఒక్కసారి కూసి మూగబోయింది. ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కరెంటు తీసి వేస్తే స్విచ్చులన్నీ మళ్లీ మొదటికొచ్చి, ఏమీ ఎరగనట్టు మోగింది. ఆరోజు వార్డులోనూ మీటలు ఒకేసారి నొక్కి ఉంటారని మేడమ్‌కు అప్పుడు అర్థమైంది. తర్వాత తను వెళ్లి కరెంటు తీసి, సాక్ష్యాన్ని తన చేత్తోనే తుడిచేసిందన్నమాట. తుడిచేసి, పైగా నర్సును ఆ మాట కూడా అంది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, అత్తగారు కూపీ లాగి మొత్తం రాబట్టింది.

"ఇప్పుడు చెబితే నా పరువేం కావాలత్తయ్యా?"

"పోతే పోనీ. ఆ పిల్ల పరువు పోయి మూడు వారాలైంది కదే!"

అత్తగారి నోరు మంచిది కాదని వీధంతా అంటుంది. ఆ మాట మాత్రం చురుక్కున తగిలింది.

మర్నాడు పొద్దున్నే తప్పంతా కాగితం మీద రాసి, తీసుకెళ్లి సూపరింటెండెంటు చేతిలో పెట్టింది. ఆయన చదివి తల గోక్కున్నాడు.

"ఇదేంటమ్మా? బెల్లు మోగిందనీ, తనకే వినబడలేదనీ ఆ నర్సు నిన్ననే రాసిచ్చిందే!"

నర్సు రాసిచ్చిన కాగితం చింపేస్తానన్నాడు, ముందు ఆ సంగతి నర్సుకు మీరే చెప్పండన్నాడు. మేడమ్ కాళ్లీడ్చుకుంటూ దుప్పట్ల గదికి వెళ్లింది. నర్సు మడతలు పెడుతోంది. జరిగిందంతా చెప్పి, "క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు సిస్టర్. మోగలేదని మీకు తెలుసు కదా, అలా ఎందుకు రాసిచ్చారు?" అంది.

"ఏమో మేడమ్. అందరూ మోగిందంటుంటే, నిజంగానే మోగిందేమో అనిపించింది. ఇప్పుడు ఇంట్లో మా పాప పిలిచినా, పిలిచావా అని రెండుసార్లు అడుగుతున్నాను." నర్సు దుప్పటి వదిలేసి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే నా చెవులు బాగానే ఉన్నాయాండీ?"

"బాగానే ఉన్నాయమ్మా," అంది మేడమ్. నర్సు వదిలేసిన దుప్పటిని అందుకుని మడత పెట్టసాగింది.