గాల్లో బిగించిన బోల్టు

డ్రైవింగ్ నేర్పే మాస్టారు వచ్చేసరికి కొలతమ్మ వాకిట్లో జాకీకి గ్రీజు పెడుతోంది. ఆయన కారు వెనక సీట్లో రెండు కొత్త షాకులు, గతుకుల అదురు ఆపే షాక్ అబ్జార్బర్లు, అట్టపెట్టెల్లో ఉన్నాయి.

"కుడి వెనక చక్రం మళ్ళీ మొదలెట్టిందమ్మా. గతుకు వస్తే చాలు, ఎవరో కిందనుంచి తలుపు బాదినట్టే," అన్నారు. "ఈసారి నీ చేత్తో వేయించుకుందామని వచ్చాను."

"పోయినసారి ఎవరు వేశారు?"

"మీ బావగారే, స్వయంగా. అప్పటికి నువ్వక్కడ లేవుగా."

లేదు. ఏడాదిగా ఆమె ఎదురుచూస్తున్న మాట అదే.

ఆమె భర్త బస్సు నడుపుతాడు. అతను డ్యూటీకి వెళ్ళిపోతే పొద్దుపోక, అతని అన్నగారి వర్క్‌షాపులో రశీదులు రాయడానికి వెళ్ళి, రెండేళ్ళకల్లా పానా పట్టింది. పన్నెండేళ్ళు వదల్లేదు. ఏ బోల్టుకి ఎంత బిగువో పుస్తకంలో చూసి, బిగువు కొలిచే టార్క్ రెంచిని ఆ అంకె మీద పెట్టి, అది టిక్కుమనగానే ఆపేసేది. "మా తమ్ముడింట్లో కూరలో ఉప్పు కూడా తూకం వేసే వేస్తుంది కాబోలు," అని బావగారు అందరి ముందూ నవ్వేవారు. కొలతమ్మ అనే పేరు ఆయన పెట్టిందే.

షాకు కింది చివర ఒక ఇనప కడియం ఉంటుంది. కడియంలో రబ్బరు, రబ్బరు మధ్య చిన్న గొట్టం, గొట్టంలోంచి బోల్టు. బోల్టు బిగిస్తే గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఆపైన చక్రం ఎగిరినప్పుడల్లా మెలితిరగాల్సింది రబ్బరే. అందుకే ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పడాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండిని దించీ దించగానే రబ్బరు మెలిపడి, మెడ పట్టేసిన మనిషిలా అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్ళకి చిరుగుతుంది.

మాస్టారి బండికి మొదటిసారి ఎడమ షాకు ఆమె వేసింది. కుడిది బావగారు బండి ఇంకా లిఫ్టు మీద గాల్లో ఉండగానే, గాలి గన్నుతో మూడు క్షణాల్లో బిగించేశారు. "దించాక బిగిద్దాం బావగారూ," అంటే, "నువ్వు ముహూర్తం చూసుకుని బిగించుకో. నాకవతల నాలుగు బళ్ళున్నాయి," అన్నారు. ఎనిమిది నెలలకి కుడిది చిరిగింది. మాస్టారు వచ్చి అడిగితే, టీ తాగుతున్న పదిమంది ముందూ బావగారు ఆమెవైపు చెయ్యి చూపించారు.

"ఆడచేతి బిగింపు మాస్టారూ, పట్టు చాలదు. ఇకనుంచి నేనే చూసుకుంటా."

ఆమె నోరు తెరిచేలోపు వెల్డరు కిసుక్కున నవ్వాడు. మర్నాటినుంచి పనికి రావద్దన్న కబురు భర్త చేతే చెప్పించారు. అతను ఆ మాట చెప్పి, తలెత్తకుండా చొక్కా గుండీలు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. పని వాకిట్లోకి వచ్చింది. నలుగురు బళ్ళు తెచ్చారు, నలభైమంది తేలేదు. ఆడచెయ్యి అన్న మాట ఆమెకన్నా ముందే ఊరంతా తిరిగింది.

ఇప్పుడు ఆమె మాస్టారి బండి వెనక చక్రాలను రెండు వాలు ఇనప ర్యాంపుల మీదికి ఎక్కించి బండి కిందకి దూరింది. కుడివైపు రబ్బరు ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నెర్రె విచ్చింది. ఇంకా పూర్తిగా చిరగలేదు. మెలి అలాగే ఉంది. ఇప్పుడు తను విప్పితే సాక్ష్యం పాత సామాన్ల కుప్పలోకి పోతుంది. పానా పక్కన పెట్టి, తెల్లరంగు డబ్బా తెప్పించుకుంది. రెండువైపులా గొట్టం అంచుమీంచి కడియం దాకా సన్నటి గీత ఒక్కటి గీసి బయటికొచ్చింది.

"తాళాలివ్వండి మాస్టారూ. వర్క్‌షాపు దాకా వెళ్ళొద్దాం."

"అక్కడికెందుకమ్మా? వాళ్ళ మొహం చూడకూడదనేగా నీ దగ్గరికొచ్చాను."

"మీరు చూడకండి. నేను చూస్తాను."

సరిగ్గా టీ వేళకి చేరారు. బండి కింద నిలబడి పనిచేయడానికి తవ్విన పాత గొయ్యి, లిఫ్టు కొన్నాక ఎవరూ దిగనిది, ఆ మూల ఉంది. దానికి అటూ ఇటూ చక్రాలుండేలా ఆమె బండి ఆపింది.

"ఏంటమ్మాయ్, దారి తప్పావా?" అన్నారు బావగారు.

"ఒక బోల్టు ఊడట్లేదు బావగారూ. ఆడచెయ్యి కదా, పట్టు చాలట్లేదు."

అందరూ గొల్లుమన్నారు. బావగారు అందరికన్నా గట్టిగా నవ్వి, పానా అందుకుని గోతిలోకి దిగారు.

"వెల్డరన్నా, నువ్వూ దిగు. లైటు పట్టాలి," అంటూ ఆమె కూడా దిగింది.

"ఈ సున్నం గీతలేంటి?"

"చూస్తూ విప్పండి."

బోల్టు కిర్రుమంది. అర చుట్టు తిరిగిందో లేదో, లోపలి గొట్టం ఉలిక్కిపడ్డట్టు గిర్రున జరిగింది. గీత రెండు ముక్కలై, ఒక ముక్క అర గోరు వెడల్పు పక్కకి పోయింది.

"అరె! దానంతటదే తిరిగిందే!" అన్నాడు వెల్డరు.

"ఏడాదిగా మెలిపడి ఉంది. గాల్లో బిగించారు కాబట్టి. ఇప్పుడు ఎడమది విప్పండి బావగారూ."

ఆయన కదల్లేదు. ఆమె పానా తీసుకుని వెల్డరు చేతిలో పెట్టింది. అతను విప్పాడు. గీత గీసినట్టే ఉంది.

"అదెవరిది?" పైనుంచి అడిగారు మాస్టారు.

"నాది. ఇరవై నెలలైంది."

బావగారు చేతులు తుడుచుకున్నారు. "సరేలే, పనన్నాక వంద జరుగుతాయి. సోమవారం నుంచి వచ్చెయ్."

"ముందు చెప్పండి. కుడిది రెండుసార్లూ ఎవరు బిగించారు?"

పైనున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని గోతి అంచుకొచ్చారు.

"నేనే," అన్నారు, బూట్లవైపు చూస్తూ.

"గేటు దగ్గరున్నవాళ్ళకి వినబడలేదు."

"నేనే బిగించాను! చాలా?"

చాల్లేదు. ఆకలి మీద ఒక్క ముద్ద తిన్నట్టుంది ఆమెకి.

బోల్టులు బిగించి బండి ఇంటికి తెచ్చుకుంది. ఆ మధ్యాహ్నమే కొత్త షాకులు వేసి, కింది బోల్టులు వేళ్ళతో తిప్పి వదిలేసింది. చక్రాలు పెట్టి, దించి, డిక్కీ మీద రెండుసార్లు నొక్కి బండిని కుదురుకోనిచ్చింది. ర్యాంపులెక్కించాక కిందకి దూరి రెంచి తిప్పింది. టిక్కు. రెండోవైపు కూడా టిక్కు.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు బావగారి చేత షాకులు వేయించుకునుంటే పంపండి మాస్టారూ. ఊరికే చూసిపెడతాను."

వచ్చారు. ఆమె ఎవరిదీ విప్పలేదు. తెల్లగీత గీసి, "ఆ గొయ్యి మీద ఆపి బావగారినే విప్పమనండి. మీరు కిందకి దిగి చూడండి. గీత విరక్కపోతే ఆయనకో దండం పెట్టండి, విరిగితే నా దగ్గరికి రండి," అని పంపేది. దండం పెట్టినవాళ్ళు లేరు. మూడోవారం బావగారు గొయ్యిని పలకలతో మూయించారు. కొలతమ్మ, వీటి మీద ఎక్కించి విప్పించమని, తన ర్యాంపులు వచ్చినవాళ్ళ డిక్కీలో పెట్టి పంపింది.

ఒకరోజు ఆయన భార్యే వచ్చింది.

"ఏమే, ఆయన కంచం ముందు కూర్చుని కూర్చున్నట్టే లేచిపోతున్నారు. నీ మొగుడికి తోడబుట్టినవాడే! ఇంకెన్నాళ్ళే ఈ కక్ష?"

"గాల్లో బిగించిన బళ్ళెన్నో చెప్పమను అక్కా. అవి అయిపోయేదాకా."

"ఆయనకేం గుర్తుంటాయే?"

"అయితే నేనే వెతుక్కోవాలి." కొలతమ్మ గేటు బయటికి తొంగి చూసింది. "నువ్వొచ్చిన బండికి షాకులెవరు వేశారు?"

"ఆయనే. పోయిన నెల్లో... ఒసేయ్, దానికేసి వెళ్తావేంటే?"

కొలతమ్మ అప్పటికే రంగు డబ్బా తీసుకుని, రోడ్డు మీద అట్టముక్క పరిచి, బండి కిందకి దూరుతోంది.