ఎమిల్ కాలు చూసి వాయించిన బ్యాండు

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మా బ్యాండు సంగతీ అంతే. మేం వాయించేది తీయటి సంగీతం, జంటలు ఒకరినొకరు పట్టుకుని హాలంతా చుట్టి రావడానికి పనికొచ్చేది. పట్నంలో జాజ్ వాయించే పెద్దమనుషులు దాన్ని చక్కెర నీళ్లని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. వాళ్ల పాటలకి జనం కూర్చుని తలలూపుతారు, మా పాటలకి లేచి ఆడతారు. ఐయోవాలోని ఈ డాన్సు హాల్లో పియానో ముందు కూర్చునే జుట్టు నెరిసినదాన్ని, నాకు తెలియదా?

బ్యాండు వెర్లిన్ హాగ్‌ది. వారమంతా దాణా మిల్లులో బస్తాలు ఎత్తి, ఆదివారం మధ్యాహ్నం తెల్లకోటు తొడుక్కుని శాక్సోఫోన్ పట్టుకుంటాడు. పెళ్లీ పెటాకులూ లేవు. నోట్లో నాలుక లేని మనిషి. రాగాన్ని మెలికలు తిప్పి తన గొప్ప చూపించుకోడు, పక్కవాడికి పాలగ్లాసు అందించినట్టు తిన్నగా అందిస్తాడు. ఎప్పుడూ వినని పాటైనా సరే, సగంలోకి వచ్చేసరికి జనం కూనిరాగం తీస్తుంటారు.

పాట ఎంత వేగంగా నడవాలో ఆయన ఎమిల్ కాళ్లు చూసి తేల్చేవాడు. మా హాల్లో చురుగ్గా ఆడేవాళ్లు బయటి వరసలో తిరగాలి, నెమ్మదిగా ఆడేవాళ్లు మధ్యలో. బయటి వరసకి పాడిరైతు ఎమిల్, ఆయన భార్య బ్లాంచ్ ఎప్పుడూ ముందుండేవారు. డెబ్బై దాటినా ఎమిల్ పాదం నేలని తాకీ తాకనట్టు పడేది. వాళ్లని దాటిపోవడం మర్యాద కాదని అందరికీ తెలుసు.

ఆ వసంతంలో ఎమిల్ గడ్డి దాచే అటక మీంచి జారిపడ్డాడు. మోకాలికి దెబ్బ. మళ్లీ హాలుకి వచ్చిన రోజున ఆయన అడుగు తాళానికి రవ్వంత వెనకపడటం వెర్లిన్ కంటపడింది. పాట నడక తగ్గించాడు. మరుసటి వారం ఎమిల్ ఇంకాస్త వెనకపడ్డాడు, వెర్లిన్ ఇంకాస్త తగ్గించాడు. మొక్కజొన్న కోతల నాటికి చకచకా అడుగులేయించాల్సిన మా ఫాక్స్‌ట్రాట్ డాన్సు పాట శవయాత్రలా తయారైంది. ముందున్నవాళ్లు కదలరు, వెనకున్నవాళ్లు దాటలేరు.

హాలు నడిపే డ్వేన్ ఒక ఆదివారం మేం వాయించడానికి ఇంకా సర్దుకుంటుండగానే వచ్చాడు.

"వెర్లిన్, మీ పాటలకి జనం ఆవలిస్తున్నారు. ఇవాళ కూడా ఇలాగే ఈడిస్తే వచ్చే వారం నుంచి గిటార్ల కుర్రాళ్లని పెట్టుకుంటా. ఏమీ అనుకోకండి."

పాపం వెర్లిన్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పాత నడకలోనే వాయించు," అన్నాను. "ఎమిల్ మధ్య వరసలోకి జరుగుతాడు. కొంపలేం మునగవు."

"జరగమని ఆయనకెవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? బ్యాండు నీది."

"ఆ మనిషికి ఈ ఆదివారం తప్ప ఇంకేముంది, ఆర్లిస్?"

"మరి నీకేముందట?"

వెర్లిన్ శాక్సోఫోన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు, జాలి కూడా వేసింది.

మొదటి సగమంతా ఈడుస్తూనే వాయించాం. విరామంలో బ్లాంచ్ పళ్లెంలో గసగసాల కొలాచీ రొట్టెలు పెట్టుకుని వేదిక దగ్గరికి వచ్చింది. ఒకటి వెర్లిన్ చేతిలో పెట్టి గొంతు తగ్గించింది.

"ఒకటడుగుతా, ఏమీ అనుకోకు. నీ ఒంట్లో బాగుంటోందా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నా."

"మరి ఈ నత్తనడక ఏంటయ్యా? నీకు ఊపిరి అందట్లేదని మా ఆయన ఒకటే బెంగ. ఇన్నేళ్లు మనకోసం ఊదాడు, ఇప్పుడు వాడికి కష్టమైతే మనమే అడుగు తగ్గిద్దామని నన్ను ప్రతి మలుపులోనూ లాగి పట్టుకుంటున్నాడు."

వెర్లిన్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

"ఆయన మోకాలికి కష్టమని కదా నేను తగ్గిస్తున్నది!"

"మొదట్లో నాలుగు రోజులు పట్టేసింది, నిజమే. ఆ తర్వాతదంతా నీ కోసమే!"

నాకు నవ్వాగలేదు. ఒకళ్ల మీద ఒకళ్లకి ప్రేమ ఎక్కువై ఊరందరినీ నిద్రపుచ్చారు.

విరామం అయ్యాక వెర్లిన్ కాలితో పాత నడక కొట్టాడు. మేమంతా అందుకున్నాం. కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి, హాలు నిండిపోయింది. ఎమిల్ మొహం వెలిగిపోయింది. బ్లాంచ్‌ని పట్టుకుని మొదటి చుట్టు ఎంత అందంగా తిరిగాడో చెప్పలేను. రెండో చుట్టులో మోకాలు మొరాయించింది. బ్లాంచ్ చెప్పినంత బాగా లేదన్నమాట. ఆమెకీ అప్పుడే తెలిసినట్టుంది, మొహం వాడిపోయింది.

వెర్లిన్ చూశాడు. తాళం కొడుతున్న కాలు తడబడింది. తగ్గించబోతున్నాడని నాకర్థమైంది. తగ్గిస్తే వచ్చే వారం నుంచి ఈ బ్యాండు ఉండదు. తగ్గించకపోతే ఎమిల్ అందరి ముందూ ఆగిపోతాడు.

ఎమిల్ వెనక్కి తిరిగి, దాటి వెళ్లమని అందరికీ చెయ్యి ఊపాడు. బ్లాంచ్‌ని మెల్లగా మధ్య వరసలోకి తిప్పుకున్నాడు. మా ముందునుంచి పోతూ కేకేశాడు.

"ఒరేయ్ వెర్లిన్! నా మోకాలు నేను చూసుకుంటా, నువ్వు నీ పాట చూసుకో!"

తర్వాత తాళంలో రెండు దెబ్బలకి ఒక అడుగు చొప్పున వేయడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. కుర్రజంటలు చుట్టూ రివ్వున తిరుగుతున్నాయి. మధ్యలో ఆ ముసలివాళ్లు సగం వేగంలో, అదే పాటలో, ఏ లోటూ లేకుండా తిరుగుతున్నారు. ఉరికేవాడికీ కుంటేవాడికీ ఒకే పాటలో చోటుంది. ఈ చక్కెర నీళ్లని జనం ఎందుకు వదలరో నన్నడిగితే ఇంతకంటే చెప్పలేను.

వెర్లిన్‌కి కళ్లనీళ్లు కారి శాక్సోఫోన్ మీద పడుతున్నాయి. నడక మాత్రం తగ్గించలేదు.